వాలెన్సియా, అలికాంతే, మాలగా: స్పెయిన్ తీరంలో ఏ పండగకు వెళ్లాలి?

స్పెయిన్‌లో పండగ చూడాలనుకునేవాళ్లు చాలామంది ముందు ఊరు ఎంచుకుంటారు. ఆ తర్వాత విమానం టికెట్లు కొంటారు. ఆ వారంలో అక్కడ ఏముందో చివర్లో వెతుకుతారు. ఈ పద్ధతిలో డబ్బు ఖర్చయ్యాక తెలుస్తుంది, అసలు ఘట్టం తాము బయల్దేరిన మర్నాడే జరిగిందని. మధ్యధరా తీరంలోని పెద్ద పండగలు రోజుల తరబడి సాగినా వాటి బరువంతా ఒకటి రెండు రాత్రుల మీదే ఉంటుంది. కాబట్టి ఏ రాత్రి చూడాలో ముందు తేల్చుకోండి. ఊరు, హోటల్, రైలు అన్నీ దాని వెనకే వస్తాయి.

మొదటిసారి వెళ్లేవాళ్లు గట్టిగా ఆలోచించాల్సినవి మూడున్నాయి: వాలెన్సియాలో మార్చి 19 రాత్రి ముగిసే ఫాయాస్, అలికాంతేలో జూన్ 24 అర్ధరాత్రి ముగిసే ఓగేరాస్, మాలగాలో ఈస్టర్‌కి ముందు వారమంతా జరిగే సెమానా సాంటా. మొదటి రెండూ నిప్పు, శబ్దం. మూడోది భక్తి, బ్యాండు, నెమ్మదిగా కదిలే ఊరేగింపు. మీతో వచ్చేవాళ్లలో పేలుడు శబ్దం పడనివాళ్లు ఒక్కరున్నా ఎంపిక అక్కడే తేలిపోతుంది. మాలగాకి వెళ్లండి.

వాలెన్సియా: ఐదు రోజులు, నిద్ర లేని ఊరు

ఫాయాస్ 2016లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. నగరంలో పేటకో కమిటీ చొప్పున దాదాపు 400 కమిటీలున్నాయి. ఒక్కో కమిటీ ఫాయా అనే ఒక పెద్ద బొమ్మల కట్టడం, దాని పక్కన పిల్లల కోసం ఒక చిన్నది నిలబెడుతుంది. అంటే ఊరంతా కలిపి ఏడు వందలకు పైనే. మార్చి 15 రాత్రి గడిచేసరికి పెద్దవన్నీ నిలబడి ఉండాలి, 19 రాత్రి అన్నీ తగలబడాలి. జనం ఓట్లతో గెలిచిన నినోత్‌లు మాత్రం బతికి మ్యూజియంకి చేరతాయి. నినోత్ అంటే ఆ కట్టడంలోని ఒక విడి బొమ్మ. పెద్దల విభాగంలో ఒకటి, పిల్లల విభాగంలో ఒకటి ఇలా బయటపడతాయి.

తేదీలు ఏటా ఇవే, మారవు. 19వ తేదీ శుక్రవారమో శనివారమో పడిన ఏడాది మాడ్రిడ్ జనం కూడా వచ్చి పడతారు కాబట్టి హోటళ్ల రేట్లు మరీ చుక్కల్లో ఉంటాయి. ఎంచుకునే వీలుంటే 19 వారం మధ్యలో పడే ఏడాది నయం.

మార్చి 1 నుంచి 19 దాకా రోజూ మధ్యాహ్నం రెండింటికి మునిసిపల్ ఆఫీసు ముందున్న ప్లాసా దెల్ అయుంతామియెంతోలో మస్క్లెతా జరుగుతుంది. ఇది ఆకాశంలో రంగులు చూసే బాణసంచా కాదు, చెవులతోనూ ఛాతీతోనూ వినేది. మన దీపావళి పదివేల వాలాకి ఒక లయ కట్టి, ఒక్కో దశలో వేగం పెంచుకుంటూ పోయి, చివరి నిమిషంలో నేల అదిరేలా వదిలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మొత్తం ఐదు నుంచి ఏడు నిమిషాలు. రెండింటికి పది నిమిషాల ముందు వెళ్తే చౌక్ లోపలికి అడుగు పెట్టలేరు. మామూలు రోజుల్లో ఒంటిగంటకల్లా, చివరి ఐదు రోజుల్లో పన్నెండున్నరకల్లా నిలబడాలి. చివరి రోజుల్లో ఎండలో గంటన్నర కదలకుండా నిలబడాల్సి వస్తుంది కాబట్టి నీళ్లు, టోపీ దగ్గర పెట్టుకోండి. పేలుతున్నప్పుడు నోరు కొద్దిగా తెరిచి ఉంచమని అక్కడివాళ్లే చెబుతారు, చెవిపోటు తగ్గుతుందని. పసిపిల్లలకు మాత్రం ఇయర్‌మఫ్స్ తప్పనిసరి. చెవుల్లో దూది పెడితే చాలదు. గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లను చౌక్ లోపలికి తీసుకెళ్లకండి. మార్కెస్ దె సోతెలో వీధిలో రైల్వేస్టేషన్ వైపు వెనగ్గా నిలబడినా శబ్దం పూర్తిగా అందుతుంది, బయటపడటానికీ దారి ఉంటుంది.

చౌక్‌కి దగ్గరగా ఉన్న షాతివా మెట్రో స్టేషన్‌ను మస్క్లెతా వేళ మూసేస్తుంటారు. రెండు స్టేషన్ల అవతలే దిగి నడిచి రావడం మేలు. అయిపోయాక లక్షమంది ఒక్కసారి కదులుతారు, ఫోన్ డేటా పనిచేయదు. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పుకోండి. ఫోన్ వెనక జేబులో పెట్టుకోకండి.

బొమ్మలు చూడటానికి మంచి వేళ ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర. రాత్రంతా తాగి ఆడినవాళ్లు అప్పుడు నిద్రపోతుంటారు, వీధులు ఖాళీగా ఉంటాయి, వెలుతురు బాగుంటుంది. సాయంత్రం ఆరు తర్వాత ఇదే దారిలో జనం మధ్య అంగుళం అంగుళం జరగాలి. ఉత్తరం నుంచి దక్షిణానికి నడిస్తే ఒక్క పూటలో ముఖ్యమైనవి చాలా చూడొచ్చు: పాతబస్తీ అంచున నా జోర్దానా, తర్వాత ప్లాసా దెల్ పిలార్, మునిసిపల్ చౌక్, స్టేషన్ పడమర పక్క కొన్వెంతో హెరుసలేన్, అక్కడినుంచి పట్టాలు దాటి రుసాఫా పేటలో క్యూబా వీధి, సువేకా వీధి. రుసాఫాలోని ఆ రెండు వీధులూ లైట్ల అలంకరణకు పేరుపడ్డవి కాబట్టి రాత్రి మళ్లీ రావాలి. కొన్ని ఫాయాస్ చుట్టూ కంచె కట్టి, లోపలికి వెళ్లి దగ్గరగా చూడటానికి కొద్ది యూరోలు తీసుకుంటారు. బొమ్మల వెక్కిరింత అంతా రాజకీయాలు, ఊరి గొడవలు, సినిమావాళ్ల మీద. పక్కన పెట్టే బోర్డులు వాలెన్సియా భాషలో ఉంటాయి. ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకుంటూ చూస్తే సగం అందం అప్పుడు తెలుస్తుంది.

17, 18 తేదీల్లో పూల సమర్పణ. సంప్రదాయ పట్టు దుస్తుల్లో వేలమంది ఆడవాళ్లు, పిల్లలు పూలగుత్తులతో బయల్దేరి ప్లాసా దె లా విర్హెన్ చేరతారు. అక్కడ చాలా ఎత్తైన చట్రం మీద ఆ గుత్తులతోనే మేరీమాత అంగీ అల్లుతారు. చౌక్ దగ్గర తాళ్లు కట్టేస్తారు కాబట్టి దారిలోని పాస్ వీధిలో చూడండి. 18 అర్ధరాత్రి నిత్ దెల్ ఫోక్, అంటే పెద్ద బాణసంచా. దాన్ని తురియా పార్కు వంతెనల దగ్గర్నుంచి చూస్తారు. 1957 వరదల తర్వాత నదిని ఊరి బయటికి మళ్లించి, ఆ పాత నదీగర్భాన్నే పార్కుగా మార్చారు. చోటు పుష్కలం, పిల్లలతో ఉన్నవాళ్లకు ఇది తేలిక.

ఇక 19 రాత్రి, క్రెమా, అంటే దహనం. ఎనిమిదింటికి పిల్లల బొమ్మలు, పదింటికి పెద్దవి, పదకొండుకు మునిసిపల్ చౌక్‌లోది. ఈ వేళలు కాగితం మీదివి. ఇరుకు వీధుల్లో ఉన్న కట్టడాన్ని ఫైర్ ఇంజన్ రాకుండా ముట్టించరు, ఆ బండి పక్క పేటలో పని ముగించుకుని రావాలి. అందుకే గంట ఆలస్యం మామూలు. ముట్టించే ముందు ఏం చేస్తారో గమనించండి. పనివాళ్లు బొమ్మలకు కన్నాలు పొడుస్తారు, గాలి ఆడి కట్టడం లోపలికి కూలేటట్టు. ఇంధనం పోస్తారు, పటాసుల దండలు చుట్టి వత్తి బయటికి లాగుతారు. ఈలోగా ఫైర్‌మెన్ చుట్టుపక్కల ఇళ్ల గోడల్నీ చెట్లనీ తడుపుతుంటారు. ఇప్పటి బొమ్మలు ఎక్కువగా థర్మోకోల్‌తో చేస్తారు. అది కాలితే నల్లటి చిక్కని పొగ వస్తుంది. పాత పద్ధతిలో చెక్కతో కట్టినవి కాలితే పొగ తక్కువ, మంట అందం ఎక్కువ. పొగ ఎటు పోతుందో చూసుకుని గాలి వచ్చే వైపు నిలబడండి. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, గదిలో కాదు.

మునిసిపల్ చౌక్‌లో చివరి మంట కోసం పోటీ పడటంకన్నా, మీరు దిగిన పేటలోని ఒక మామూలు ఫాయాని ఎంచుకోవడమే మంచిదని మా గట్టి అభిప్రాయం. అక్కడ ఏడాదంతా చందాలు పోగేసిన మనుషులు మీ పక్కనే నిలబడి ఉంటారు. మంట లేచినప్పుడు ఆ ఏడాది ఫాయేరా, అంటే పండగ రాణిగా ఎంచిన అమ్మాయి, ఏడుస్తుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమెను పట్టుకుంటారు. బ్యాండు మాత్రం ఆగదు. పెద్ద చౌక్‌లో ఇదేదీ కనపడదు.

బస విషయానికొస్తే, రుసాఫాలోనో పాతబస్తీలోనో గది తీసుకుంటే నిద్ర మీద ఆశ వదులుకోవాలి. వీధి డాన్సులు తెల్లవారుజామున నాలుగు దాకా సాగుతాయి, ఎనిమిదింటికి పటాసులతో, బ్యాండుతో మేల్కొలుపు మొదలవుతుంది. వీధులు మూసేయడంతో టాక్సీ హోటల్ దాకా రాదు, పెట్టెలు లాక్కుంటూ ఒక కిలోమీటరైనా నడవాలి. బెనిమాక్లెత్ లాంటి మెట్రో ఉన్న పేటలో, లేదా లోకల్ రైలున్న సగుంతో ఊళ్లో దిగితే రేటూ తక్కువ, రాత్రి కాసేపు కన్నూ మూయొచ్చు. పండగ చివరి రోజుల్లో మెట్రో రాత్రంతా తిరుగుతుంది.

బడ్జెట్ తక్కువగా ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. మార్చి మొదటి పది రోజుల్లో వెళ్లండి. మస్క్లెతా అదే చౌక్‌లో అదే తీరున జరుగుతుంది, హోటల్ రేట్లు ఇంకా నేలమీదే ఉంటాయి. ఆ ఏడాది ఓట్ల పోటీకి కమిటీలు పంపిన నినోత్‌లు సైన్స్ మ్యూజియంలో ప్రదర్శనకు ఉంటాయి. మంట మాత్రం దక్కదు.

అలికాంతే: చిన్న ఊరు, సముద్రం, ఎండాకాలం

ఓగేరాస్ 1928లో మొదలైంది, వాలెన్సియా పండగను చూసి స్ఫూర్తి పొంది. జూన్ 20న బొమ్మలు నిలబెడతారు, 24 అర్ధరాత్రి కాలుస్తారు. కమిటీలు వందలోపే. ఊరు చిన్నది కాబట్టి ముఖ్యమైనవన్నీ కాలినడకన రెండు పూటల్లో చూసేయొచ్చు. మస్క్లెతా ఇక్కడా మధ్యాహ్నం రెండింటికే, లుసేరోస్ చౌక్‌లో. ఆ వేళకి లుసేరోస్ ట్రామ్ స్టేషన్ వాడకండి, మెర్కాదోలో దిగండి.

తేదీ దగ్గర చాలామంది పొరబడతారు. స్పెయిన్ తీరంలో చాలా ఊళ్లలో సెయింట్ జాన్ మంటలు జూన్ 23 రాత్రి బీచుల్లో వేస్తారు. అలికాంతేలో అసలు క్రెమా 24వ తేదీ ముగిసి 25 మొదలయ్యే అర్ధరాత్రి. 24 సాయంత్రం విమానం బుక్ చేసుకున్నవాళ్లు పండగను వదిలేసుకుని పోతున్నట్టే. 22కి వచ్చి 25 మధ్యాహ్నం తర్వాత బయల్దేరండి.

ఆ అర్ధరాత్రి బెనకంతిల్ కొండ మీది శాంతా బార్బరా కోట నుంచి తాటిచెట్టులా విచ్చుకునే తెల్లటి బాణసంచా లేస్తుంది. అదే సంకేతం. మునిసిపల్ చౌక్‌లోది మొదట అంటుకుంటుంది, తర్వాత ఒక్కో పేట. మంట వేడికి జనం కేకలేస్తే ఫైర్‌మెన్ గొట్టాలు వాళ్ల మీదికే తిప్పుతారు. కుర్రవాళ్లు దానికోసమే వస్తారు. పాస్‌పోర్టు గదిలో పెట్టి వెళ్లండి, ఫోన్‌కు ప్లాస్టిక్ కవరు వేయండి. బాణసంచా ఇంకా కావాలనుకుంటే 25 తర్వాత కొన్ని రాత్రులు సముద్రం ఒడ్డున పోటీలు జరుగుతాయి. అప్పటికి జనం పలచబడతారు, రేట్లు కొంత దిగుతాయి.

వాలెన్సియాతో పోలిస్తే ఇక్కడ కలిసొచ్చేది సముద్రం. మార్చిలో వాలెన్సియా పగలు 19, 20 డిగ్రీలు, రాత్రి పదికి అటూ ఇటూ. నీళ్లు చల్లగా ఉంటాయి, స్వెటర్ కావాలి, వాన పడితే పూల సమర్పణ అంతా తడిసిపోతుంది. జూన్ చివర్లో అలికాంతేలో పొద్దున్న పోస్తిగెత్ బీచ్‌లో స్నానం చేసి, మధ్యాహ్నం మస్క్లెతా విని, రాత్రి తొమ్మిదిన్నరకి ఇంకా వెలుతురు ఉండగానే వీధుల్లో తిరగొచ్చు. బడి సెలవుల వేళ కూడా కలిసొస్తుంది, ముఖ్యంగా అమెరికాలో ఉండే మన కుటుంబాలకు. చాలా చోట్ల వేసవి సెలవులు మొదలయ్యాకే వస్తుంది కాబట్టి పిల్లల బడి పోదు. కళాపనితనంలో, పరిమాణంలో మాత్రం వాలెన్సియాదే పైచేయి. జీవితంలో ఒక్కసారే చూస్తామనుకునేవాళ్లు వాలెన్సియా చూడాలి. ఐదేళ్లలోపు పిల్లలో, డెబ్బై దాటిన పెద్దలో వెంట ఉంటే అలికాంతే.

గదికి ప్లాయా దె సాన్ హువాన్ వైపు చూడండి. ట్రామ్ ఉంది, బీచ్ ఉంది, శబ్దం దూరం. ఊరి మధ్యలో పేట కమిటీల గుడారాలు వీధులనే మూసేస్తాయి. ఏ కిటికీ కింద లౌడ్‌స్పీకర్ పడుతుందో బుకింగ్ సైట్లో కనపడదు.

రెండు ఊళ్లకూ ఒక్క మాట, బట్టల గురించి. నిప్పురవ్వలు నిజంగానే మీద పడతాయి. నూలు బట్టలు, జీన్స్, మూసిన బూట్లు వేసుకోండి. నైలాన్, పాలిస్టర్, జార్జెట్ వద్దు. గాలికి ఎగిరే చున్నీ, చీర కొంగు మంటలున్న రాత్రికి అసలే వద్దు. వీధుల్లో పిల్లలు కాళ్ల దగ్గర పటాసులు విసురుతూనే ఉంటారు.

మాలగా: పేలుడు శబ్దం లేని రాత్రులు

పామ్ సండే, అంటే ఈస్టర్‌కి ముందు ఆదివారం నుంచి గుడ్ ఫ్రైడే దాకా రోజూ పలు సంఘాలు ఊరేగుతాయి. ఏసుక్రీస్తు, మేరీమాత విగ్రహాలను మోసే మాలగా త్రోనోలు చాలా పెద్దవి. బరువు కొన్నింటికి ఐదు టన్నుల దాకా ఉంటుంది. పెద్దవాటిని 200 మందికి పైగా భుజాలకెత్తుకుంటారు. గంట కొట్టగానే అందరూ ఒక్కసారి లేస్తారు, బ్యాండు లయకు పక్కలకు ఊగుతూ నడుస్తారు. బుధవారం రాత్రి ఎల్ రికో ఊరేగింపులో ఒక ఖైదీని విడుదల చేస్తారు. మూడో కార్లోస్ రాజు కాలం నుంచి వస్తున్న హక్కు అది. గురువారం స్పెయిన్ సైన్యంలోని లెజియన్ దళం సైనికులు ఓడరేవులో దిగి మేనా క్రీస్తు విగ్రహాన్ని చేతుల మీద ఎత్తిపట్టి పాడతారు. ఈ రెండు రోజులూ ఊళ్లో ఉండేట్టు చూసుకోండి.

ఊరేగింపులో మొనదేలిన ముసుగులు తొడిగినవాళ్లు వరసలుగా వస్తారు. అమెరికా నుంచి వచ్చే మన పిల్లలు ఉలిక్కిపడొచ్చు. ఇది పాపపరిహారం కోసం వేసుకునే శతాబ్దాల నాటి వేషమని, అమెరికాలోని కూ క్లక్స్ క్లాన్ అనే జాత్యహంకార గుంపుతో దీనికి సంబంధం లేదని ముందే చెప్పి తీసుకెళ్లండి.

అలమేదా, లారియోస్ వీధుల అధికారిక మార్గంలోని కుర్చీలు ఎక్కువగా ఏటా తీసుకునే చందాదార్లవే. వాటికోసం తిప్పలు పడొద్దు. ఏ సంఘం ఎన్నింటికి ఏ మలుపులో ఉంటుందో చూపే వేళల పట్టిక ఉచితంగా దొరుకుతుంది. దాన్ని పట్టుకుని సంఘం భవనం గేటు దగ్గరో, పాతబస్తీ ఇరుకు మలుపు దగ్గరో గంట ముందు నిలబడండి. టన్నుల బరువును అంగుళాల తేడాతో మలుపు తిప్పడం చూడాల్సిన దృశ్యం. ఇక్కడి ఇబ్బంది ఒక్కటే, వాన. చినుకు పడితే విగ్రహాలు పాడవుతాయని సంఘం ఊరేగింపునే రద్దు చేస్తుంది, మర్నాటికి మార్చదు. అందుకని కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి.

ఆగస్టు మధ్యలో జరిగే మాలగా ఫెరియా వేరే రకం. పగలు పాతబస్తీలో పాట, తీపి వైన్, రాత్రి ఊరి బయట కోర్తిహో దె తోరెస్ మైదానంలో జాతర. సెవియాలోలా కాకుండా ఇక్కడి గుడారాల్లో చాలావాటికి ఎవరైనా వెళ్లొచ్చు. తెర్రాల్ అనే వేడి గాలి వీచిన రోజు మాత్రం ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. ఎండకు అలవాటున్నవాళ్లమే అయినా, తాగేవాళ్ల మధ్య మధ్యాహ్నాలు గడపడం ఇష్టమైతేనే వెళ్లండి.

కాదిస్ కార్నివాల్ గురించి కూడా చాలామంది అడుగుతారు. అక్కడ ప్రాణమంతా పాటల్లోని వెటకారంలో ఉంది. స్పానిష్ బాగా రాకపోతే వేషాలు చూసి వచ్చేయడమే. హిందీ సినిమా పుణ్యమా అని మనవాళ్లకు బాగా తెలిసిన టమాటాల పండగ టొమాటినా తీరంలో కాదు, వాలెన్సియాకి పడమరనున్న బున్యోల్‌లో, ఆగస్టు చివరి బుధవారం జరుగుతుంది. గంట సేపే. 2013 నుంచి టికెట్ ఉండాలి.

తిండి

శాకాహారులకు స్పెయిన్‌లో చిక్కు ఎక్కడంటే, మాంసం లేదన్న వంటకంలో కూడా ట్యూనా చేపో, పంది మాంసం ముక్కలో వస్తాయి. "నీ కార్నే, నీ పెస్కాదో, నీ హమోన్" అని మూడూ విడివిడిగా చెప్పండి. కూరగాయల పాయేయా అడిగినా అన్నం ఉడికించిన నీళ్లు చేపలవో కోడివో కావచ్చు, "కాల్దో" దేనిదని అడగండి. అసలైన వాలెన్సియా పాయేయాలో కోడి, కుందేలు ఉంటాయి. ఫాయాస్‌లో వీధి బండ్ల మీద దొరికే గుమ్మడికాయ బున్యువేలోలు నిశ్చింతగా తినొచ్చు. గుమ్మడి గుజ్జు, మైదా, ఈస్ట్ కలిపి నూనెలో దేవి, చిక్కటి చాక్లెట్‌తో ఇస్తారు. పిండి చేత్తో సాగదీసి మధ్యలో కన్నం చేసి అప్పటికప్పుడు వేయించే బండి దగ్గరే కొనండి, చల్లారితే రబ్బరులా సాగుతాయి. అలికాంతేలో పండగ వంటకం కోకాలో ట్యూనా ఉంటుంది, దానితో ఇచ్చే అత్తిపళ్లు తినండి. మాలగాలో వేయించిన వంకాయ మీద చెరకు పాకం, బాదం వెల్లుల్లి వేసిన చల్లటి అహోబ్లాంకో సూప్ మనవాళ్లకు నచ్చుతాయి.

ప్రయాణం, వీసా

దుబాయి, దోహా మీదుగా మాడ్రిడ్ లేదా బార్సిలోనా చేరి, అక్కడినుంచి రైలు పట్టుకోవడం తేలిక. మాడ్రిడ్ నుంచి హైస్పీడ్ రైల్లో వాలెన్సియా రెండు గంటల లోపు, అలికాంతే రెండున్నర గంటలు, మాలగా సుమారు మూడు గంటలు. రెన్ఫేతో పాటు ఓయిగో, ఇర్యో రైళ్ల ధరలు కూడా చూడండి. మాడ్రిడ్‌లో చమార్తిన్, అతోచా అని రెండు పెద్ద స్టేషన్లున్నాయి. టికెట్ మీద ఏదుందో చూసుకోకుండా అతోచాకి వెళ్లి రైలు పోగొట్టుకునేవాళ్లు బోలెడు. మార్చి 20, జూన్ 25 పొద్దుటి రైళ్లే ముందు నిండుతాయి, వాటిని మొదట కొనండి.

2027లో ఒక మంచి అవకాశం ఉంది. ఫాయాస్ మార్చి 19 శుక్రవారం ముగుస్తుంది, పామ్ సండే మార్చి 21. శనివారం నిద్రపోయి, ఆదివారం విమానంలో గంట పైచిలుకు ప్రయాణంతో మాలగా చేరితే రెండూ చూడొచ్చు. గురువారం దాకా ఉంటే ఎల్ రికో, లెజియన్ కూడా కలిసొస్తాయి.

భారతీయ పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, ప్రయాణం 15 రోజుల్లోపు ఉంటే మామూలుగా తీసుకోరు. ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, పైన సర్వీసు చార్జీ. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. హైదరాబాద్‌లోనే దరఖాస్తు కేంద్రం ఉంది. కానీ అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి మార్చి పండగకైతే నవంబరు, డిసెంబరుల్లోనే చూడండి. పండగ రోజుల గదులకు డబ్బు వెనక్కివ్వని రేటే ముందు కనిపిస్తుంది. వీసా చేతికొచ్చేదాకా అది ముట్టుకోకండి. కాస్త ఎక్కువైనా రద్దు చేసుకునే వీలున్న గది తీసుకోండి, దరఖాస్తుతో పెట్టాల్సిన బస రుజువుకూ అదే సరిపోతుంది.